ఆ సంతకం నాది కాదు

"ఇంకొక్కసారి అడిగారంటే ఈ తొట్టిలో నల్లరంగంతా తెచ్చి మీ నెత్తిన కుమ్మరిస్తాను! ఆ సంతకం నాది కాదు. కాదంటే కాదు!"

షెడ్డు గుమ్మంలో నూలు మూటలు దించుతున్న భర్త రెండు చేతులూ పైకెత్తేశాడు. "నీది కాదనే నేనూ అంటున్నానే తల్లీ. మరి ఎవరిదీ అని కదా అడిగింది?"

"ఆ మాట వెళ్లి బ్యాంకువాళ్లని అడగండి. కాగితం వాళ్లది, కలం వాళ్లది. సంతకం ఒక్కటీ చుట్టాలింటి నుంచి తెచ్చుకుంటారా?"

ఆయన నవ్వబోయి, భార్య మొహం చూసి మింగేశాడు.

నవ్వే మొహం కాదది. పొద్దున కోర్టు నుంచి వచ్చినదల్లా కట్టుకెళ్లిన మంచి బట్టలైనా మార్చుకోకుండా, వాటి మీదే ప్లాస్టిక్ ఏప్రన్ బిగించి, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు ఎక్కించుకుని తొట్టి దగ్గర నిలబడింది. సాయంత్రానికి అరవై నూలు చిలపలు నల్లగా తేలాలి. కర్రలకు వేలాడదీసిన ఆ నూలుకట్టలను మరిగే రంగులో తిప్పుతూనే ఉండాలి. ముప్పావుగంట పాటు చెయ్యి ఆగకూడదు. ఆగిందా, నూలు మీద మచ్చలు తేలతాయి. మచ్చ పడిన నూలును ఊరికే ఇస్తానన్నా ఎవడూ తీసుకోడు. వీధి వీధంతా ఆవిడను రంగులావిడ అనే పిలుస్తుంది. పిడుగు పడినా ఆ చేతులు తొట్టిని వదలవని వీధికంతా తెలుసు.

పిడుగు పొద్దున కోర్టులోనే పడింది మరి.

మూడేళ్ల పైచిలుకు నెలనెలా ఖాతాలోంచి బీమా పేరుతో డబ్బు కోశారు. ఆ కోతతో ఖాతాలో ఉండాల్సినంత సొమ్ము లేకుండా పోయిందని జరిమానా వేశారు. జరిమానా వేశామని కబురు పంపినందుకు మళ్లీ రుసుము. అంతా కలిసి నలభై ఒక్క వేలు. ఆ డబ్బు తిరిగొస్తేనే షెడ్డు అద్దె బాకీ తీరుతుంది. నెలాఖరు దాటితే తాళం వేస్తానని షెడ్డు యజమాని మొహం మీదే చెప్పాడు. అందుకే బీమా నేనెప్పుడు అడిగానయ్యా అంటూ రంగులావిడ వినియోగదారుల కోర్టుకెక్కింది. ఇన్నాళ్లూ నోరు మెదపని బ్యాంకు, ఈ రోజు పొద్దున ఒక కాగితం బయటికి తీసింది. బీమా నాకు సమ్మతమే అని అచ్చువేసిన కాగితం, చివర ఆవిడ పేరుతో సంతకం.

"నేనక్కడ లేను కదా, అసలా బ్యాంకు లాయరు ఏమడిగాడో సరిగ్గా చెప్పు. మొదటి నుంచీ చెప్పు," అన్నాడు భర్త, మూట మీద కూలబడుతూ.

"మొదట మన ఫిర్యాదు కాగితం తిప్పి, 'ఈ సంతకం మీదేనా అమ్మా' అన్నాడు. నాదే సార్ అన్నాను. మన ఫిర్యాదే కదా, అందులో చూసేదేముంది? తరవాత ఆ దిక్కుమాలిన కాగితం నా మొహం ముందు పెట్టాడు. 'మరి ఇదో' అన్నాడు. చూశాను. అక్షరాలన్నీ గాలికి పడిపోతున్నట్టు పక్కకి వాలి ఉన్నాయి. నేనెప్పుడైనా అలా రాశానా? ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇది నాది కాదు అన్నాను."

"అంతేనా?"

"హాలంతా కలకలం రేగింది. మన లాయరమ్మ మొహం చూడాలి, చేటంత అయింది. దొంగ సంతకం అంటే ఇక బ్యాంకు పని అయిపోయినట్టే అంది. జడ్జి గారు నా మాటలన్నీ రాయించి, కింద నా చేత సంతకం పెట్టించారు. పేరు రాయడానికి ఇంతసేపు పట్టింది. పక్కనున్న గుమాస్తా, నిదానంగానే రాయండమ్మా అని వేళాకోళం కూడాను."

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. చేతులు కాదు, నోరు.

"కానీ ఆ బ్యాంకు లాయరు నవ్వాడండీ. నేను సంతకం పెడుతుంటే తొంగిచూసి మరీ నవ్వాడు. ఓడిపోయేవాడు అలా నవ్వడం నేనెక్కడా చూడలేదు. ఆ నవ్వే నాకు మింగుడుపడటం లేదు."

షెడ్డు ఆ చివర త్రాసు ముందు చిట్టి రంగుపొడి తూస్తోంది. చిట్టి అంటే చిన్నపిల్ల అనుకునేరు, రంగులావిడకు ఆడపడుచు, నలభై రెండేళ్ల మనిషి. పదమూడేళ్ల కిందట భర్త పోయి అన్నగారి పంచన చేరింది. చేరిన మర్నాటి నుంచి ఈ షెడ్డుకు కళ్లూ చెవులూ అన్నీ తనే. రంగు తూచడం, లెక్క రాయడం, వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ సమాధానం చెప్పడం. పొద్దున వేసిన మొదటి వాయి వదిలి రావడానికి వీల్లేక కోర్టుకు వెళ్లలేదు. వదిన తిరిగొచ్చి సంగతి చెప్పినప్పుడు, "ఏ కాగితం వదినా?" అని ఒక్క మాట అడిగింది. అంతే, ఆ తరవాత నోట్లోంచి మాట లేదు.

అరగంట నుంచీ అదే పొట్లాన్ని తూస్తోంది.

"ఏమిటే చిట్టీ, ఆ పొడి బంగారమనుకున్నావా? ఎన్నిసార్లు తూస్తావు?" అంది వదిన.

చిట్టి పలకలేదు. త్రాసులో ఇంకో చిటికెడు వేసి, మళ్లీ తీసేసింది.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది.

"అమ్మా, లోపలికి రావచ్చా?"

బ్యాంకులో రెండో కౌంటరాయన! తెల్లబడిన మీసం, మోకాలి దాకా వేలాడే సంచీ. ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకు అంటుకుపోయింది. బ్యాంకు మొత్తం మీద ఈ ఇంటివాళ్లతో మనిషిలా మాట్లాడేది ఆయనొక్కడే.

"రండి రండి," అని భర్త లేచాడు. "ఇంత ఎండన పడి వచ్చారేమిటి? ఈవేళ బ్యాంకు లేదా?"

"బ్యాంకు ఉందండీ. నేనే లేను." ఆయన నవ్వాలని చూశాడు, కుదరలేదు. "మధ్యాహ్నం పిలిచి కాగితం చేతిలో పెట్టారు. నన్ను సస్పెండ్ చేశారు."

"అయ్యో! ఎందుకూ?"

"మీరు పొద్దున కోర్టులో అన్న మాటకమ్మా."

రంగులావిడ నూలు తిప్పుతూనే గుమ్మం వైపు తిరిగింది.

"ఆ బీమా కాగితం మీద నా సంతకం కూడా ఉంది. 'ఖాతాదారు నా ఎదుటే సంతకం చేశారు' అని నేను రాసి పెట్టాను. అది మీ సంతకం కాదంటే, దొంగ సంతకం పెట్టినవాణ్ని నేనే కదా? మేనేజరు ఆ మాటే అన్నాడు. పోలీసులకు చెబుతానన్నాడు." ఆయన మీసం మీది చెమట తుడుచుకున్నాడు. "ఎనిమిది నెలలే ఉందమ్మా నా రిటైర్మెంటుకి. ముప్పై రెండేళ్ల సర్వీసు. పెన్షన్ మొత్తం పోతుంది."

"నేను మిమ్మల్ని ఒక్క మాట అనలేదు! దేవుడి తోడు, మీ ఊసే ఎత్తలేదు!"

"మీరు అనలేదమ్మా. కానీ వచ్చి పడింది నా మీదే." ఆయన రెండు చేతులూ జోడించాడు. తన కంటే అంత పెద్దాయన అలా చేతులు జోడిస్తే ఆవిడ అటు చూడలేక తొట్టిలోకి చూసింది. "మరిచిపోయానని ఒక్క మాట చెప్పండి. పెట్టాను, గుర్తులేక కాదన్నాను అనండి. మీకేం పోతుంది?"

"నలభై ఒక్క వేలు పోతుంది. షెడ్డు పోతుంది," అన్నాడు భర్త చటుక్కున.

"పెట్టని సంతకాన్ని పెట్టానని ఎలా చెప్పనండీ?" అంది ఆవిడ. "నేను పెట్టలేదు. మీకూ తెలుసు కదా!"

కౌంటరాయన అయోమయంగా చూశాడు. "నాకెలా తెలుస్తుందమ్మా? ఆ రోజు కాగితం తీసుకుని ఇక్కడికి వచ్చింది నేనే కదా. భోజనాల వేళ. మీరు ఇదిగో, ఇక్కడే నిలబడి నూలు తిప్పుతున్నారు. ఆవిరి కమ్మేసి నాకు మీ మొహం కూడా సరిగ్గా కనబడలేదు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆవిడ వచ్చి నా చేతిలో కాగితం తీసుకెళ్లి, మీ చేత సంతకం పెట్టించి తెచ్చిచ్చారు."

'ఆవిడ' అన్నప్పుడు ఆయన వేలు ఎటు చూపించిందో అటే అందరి తలలూ తిరిగాయి.

చిట్టి చేతిలోని పొట్లం త్రాసులో పడింది. త్రాసు ఠంగుమంటూ ఒక పక్కకు ఒరిగిపోయింది.

"నేనే పెట్టాను వదినా."

"ఏం పెట్టావే?"

నిజంగానే అర్థం కాలేదు ఆవిడకు.

"సంతకం. నీ పేరు నేనే రాశాను." చిట్టి తల ఎత్తలేదు. "నువ్వే అన్నావు, 'నువ్వు పెట్టెయ్ చిట్టీ' అని. ఎప్పుడూ అనేదేగా."

తొట్టిలో కర్ర ఆగిపోయింది.

ఎప్పుడూ అనేదే! గ్యాసు రసీదు మీద, కరెంటాఫీసు కాగితం మీద, నూలు వ్యాపారి చలానా మీద. ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి కాగితం ఊపుతారు. తొట్టి మరుగుతూ ఉంటుంది, చేతులు నల్లగానో నీలంగానో ఉంటాయి. తలుపు వెయ్యి, దీపం ఆర్పు అన్నంత మామూలుగా, నువ్వు పెట్టెయ్ చిట్టీ. పదమూడేళ్లుగా ఆ మాట అంటూనే ఉంది. కాగితం చివర చిట్టి ఏం గీస్తోందో ఒక్కనాడైనా వంగి చూసిన పాపాన పోలేదు. పొద్దున కోర్టులో పరాయి మనిషి రాతలా కనబడింది తన ఇంటి మనిషి చేతిరాతే.

"ఊరుకో చిట్టీ," అన్నాడు భర్త. "నవ్వులాటకు ఇదా సమయం?"

"నవ్వులాట కాదన్నయ్యా."

"కాదూ? అయితే కోర్టులో అంతమంది ముందు ప్రమాణం చేసి నా పెళ్లాం అబద్ధమాడిందంటావా?"

"నేను అబద్ధమాడలేదు!" అని అరిచింది రంగులావిడ. "నాది కాదన్నాను. నాది కాదు! చూడండి, ఇప్పుడు కూడా అది నాది కాదు!"

అరిచాక తన మాటకు తనే బిత్తరపోయింది. నిజమే చెప్పింది. ఆ నిజంతోనే ఒక మనిషి ఉద్యోగం ఊడింది.

"మరి చెక్కుల మీద కూడా నువ్వే పెడితే బ్యాంకువాళ్లెలా తీసుకున్నారే ఇన్నాళ్లూ?" అన్నాడు భర్త.

"ఖాతా తెరిచినప్పుడు సంతకం నమూనా ఇచ్చే కార్డు మీద కూడా నేనే పెట్టాను అన్నయ్యా. ఆ రోజు ఎర్రరంగు వాయి. కార్డు ఇంటికే తెచ్చిచ్చారు."

కౌంటరాయన గోడకు ఆనుకున్నాడు. ఆ కార్డు తెచ్చిచ్చింది కూడా తనేనని గుర్తొచ్చినట్టుంది, కళ్లు మూసుకున్నాడు.

"పెట్టేముందు చదవక్కర్లేదా? బుర్ర ఏమైంది?" చెల్లెలి మీదికి వెళ్లాడు భర్త. "నెలనెలా కోతకోసే కాగితం అది! చదువుకున్నదానివి కదా, కళ్లు నెత్తి మీద పెట్టుకున్నావా?"

"ఫోను నంబరు మార్చే కాగితం అన్నారు! అందులో చదవడానికేముంటుంది?" చిట్టి మొదటిసారి తలెత్తింది. కళ్లనిండా నీళ్లు. "ఆయనే అన్నారు. అడుగు."

ఇప్పుడు తలలన్నీ ఇటు తిరిగాయి.

కౌంటరాయన తల వంచుకున్నాడు. నేల మీద నల్లరంగు నీళ్లు కాలువ కట్టి ఆయన చెప్పుల కిందికి పోతున్నాయి.

"టార్గెట్టమ్మా," అన్నాడు. "నెలకు ఇరవై బీమాలు చేయించాలి. చేయించకపోతే అందరి ముందూ నిలబెట్టి తిట్టేవాడు మేనేజరు. బీమా అంటే మీరు ఒప్పుకోరు కదా. అందుకని ఫోను కాగితం అన్నాను."

"మీరా!" అంది రంగులావిడ.

నెలనెలా ఎక్కడికి పోతోందో తెలియని డబ్బు గురించి మూడేళ్లు ఈయన కౌంటరు ముందే నిలబడి మొరపెట్టుకుంది. ఈయనే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, మంచినీళ్లిచ్చాడు, అయ్యో అన్నాడు. ఆ మంచినీళ్లు ఇప్పుడు గొంతులో అడ్డం పడ్డట్టయింది ఆవిడకు.

పొయ్యి ఒక్కటే బుస్సుమంటోంది.

ముందుగా తేరుకున్నది రంగులావిడే. "అయితే కేసు మనదే కదండీ! సంతకం ఎవరు పెడితేనేం, అబద్ధం చెప్పి పెట్టించుకున్నారు. ఆ మాటే చెబుదాం. పొద్దున పొరపాటు పడ్డాను, మా ఆడపడుచు పెట్టింది, ఫోను కాగితమని నమ్మి పెట్టింది అందాం. ఈయన ఉద్యోగమూ నిలుస్తుంది."

"నేను అబద్ధం చెప్పి తెచ్చానని కోర్టులో చెబితే నా ఉద్యోగం ఎలా నిలుస్తుందమ్మా?" అన్నాడు కౌంటరాయన నీరసంగా.

ఆవిడ త్రాసు వైపు తిరిగింది. "చిట్టీ, లాయరమ్మకు ఫోను కలుపు," అంది.

చిట్టి కళ్లు తుడుచుకుని ఫోను కలిపింది. వదిన చేతులు ఎప్పుడూ రంగులోనే ఉంటాయి కనుక, ఎప్పటిలాగే స్పీకరు నొక్కి, తొట్టి పక్కన రంగుల డబ్బాల అలమరాలో నిలబెట్టింది. ఏం చేస్తున్నానన్న ఆలోచన కూడా లేదు ఆ చేతికి.

"నేనే చేద్దామనుకుంటున్నా, మీరే చేశారు!" లాయరమ్మ గొంతు షెడ్డంతా ఖంగున మోగింది. "మన పంట పండిందండీ! ఆ బ్యాంకు లాయరు తన గొయ్యి తనే తవ్వుకున్నాడు. గంట కిందట అర్జీ పెట్టాడు. ఆ బీమా కాగితం మీద సంతకాన్నీ, మన ఫిర్యాదు మీద సంతకాన్నీ నిపుణుడి చేత పక్కపక్కన పెట్టి పోల్చి చూపించాలట. నాకు నవ్వాగలేదు. ఎగిరి గంతేసి ఒప్పేసుకున్నాను. రేపు పొద్దున పదింటికి పంపిస్తారు."

రంగులావిడ భర్త వైపు తిరిగింది.

ఫిర్యాదు! ఫిర్యాదు కాగితాలు లాయరమ్మ దగ్గర నుంచి భర్తే తెచ్చాడు. మూడు చోట్ల సంతకం పెట్టాలట అంటూ ఇదే గుమ్మంలో నిలబడ్డాడు. ఆ రోజు నీలంరంగు వాయి. చేతులు నీలంగా ఉన్నాయి. ఆమె తల కూడా తిప్పలేదు.

నువ్వు పెట్టెయ్ చిట్టీ.

భర్త మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయనకూ గుర్తొచ్చింది. చిట్టికి గుర్తు రావడమేమిటి, అరగంట నుంచీ ఆ పొట్లం తూస్తూ తను మోస్తున్న బరువు అదే.

"వినబడుతోందా? హలో?"

"లాయరమ్మా," అంది రంగులావిడ. తన గొంతు తనకే ఎక్కడి నుంచో వినబడుతోంది. "ఫిర్యాదు మీద సంతకం కూడా నాది కాదమ్మా."

"ఏమిటీ?"

"మా ఆడపడుచుది. బీమా కాగితం మీదదీ ఆవిడదే. రెండూ ఒక్క చేతివే."

ఫోను తెగిపోయిందేమోనని భర్త వంగి చూశాడు. తెగలేదు.

"పొద్దున ప్రమాణం చేసి ఫిర్యాదు మీద సంతకం నాదేనన్నారు," అంది లాయరమ్మ. ఇందాకటి గొంతు కాదది. "ఆ వెంటనే మీ చేత ఇంకో సంతకం పెట్టించారు."

"అది నేనే పెట్టానమ్మా! అదొక్కటే నాది."

"అందుకే నవ్వాడన్నమాట వాడు. మూడూ వాడి కళ్ల ముందే ఉన్నాయి." ఆమె గట్టిగా ఊపిరి తీసుకోవడం స్పీకరులో వినబడింది. "జాగ్రత్తగా వినండి. మొదటి రెండూ ఒకే చేతివని రేపు తేలుతుంది. మీరు కోర్టులో అబద్ధమాడారంటారు. అసలు సంగతి చెబితే, మీరు సంతకం పెట్టని ఫిర్యాదు ఫిర్యాదే కాదంటారు. కేసు కొట్టేస్తారు. మీ పేరుతో కోర్టు కాగితాల మీద సంతకం చేసినందుకు మీ ఆడపడుచు మీద పోలీసు కేసు పెడతారు."

"పోలీసు కేసా! చిట్టి మీదా!" రంగులావిడ తొట్టి మీది కర్ర వదిలేసింది. నల్లటి నీళ్లు తొడుగుల మీది నుంచి కోర్టుకు కట్టుకెళ్లిన బట్టల మీదికి జారాయి. "పెట్టమన్నది నేనమ్మా! తప్పు నాది! దాన్నెలా పట్టుకెళతారు?"

చిట్టి నిలబడినచోటే కింద కూర్చుండిపోయింది. తొట్టిలో నూలు తిరగక అలాగే మునిగి ఉంది. అరవై చిలపలకూ మచ్చలు పడుతున్నాయని ఒక్కరికీ తోచలేదు.

"ఏడుపులు తరవాత. ముందు నాకొకటి చెప్పండి," అంది లాయరమ్మ. "ఈ సంగతి మీ ఇంట్లో ముగ్గురికి తప్ప ఇంకెవరికైనా తెలుసా? తెలియదంటే, రేపటి లోపు ఏదో ఒక దారి వెతుకుతాను. చెప్పండి. బయటివాళ్లెవరికైనా తెలుసా?"

ముగ్గురూ ఒక్కసారే గుమ్మం వైపు చూశారు.

కౌంటరాయన గోడ వదిలి నిటారుగా నిలబడి ఉన్నాడు. ప్రతి మాటా విన్నాడు. స్పీకరులో వినకేం చేస్తాడు! వచ్చినప్పుడు ఆ మొహంలో ఉన్న బేలతనం ఇప్పుడు లేదు. దాని స్థానంలో ఏముందో రంగులావిడకు అంతుబట్టలేదు. చిట్టి పేరు ఒక్కటి చెబితే చాలు, దొంగ సంతకం నింద ఆయన మీద నుంచి పోతుంది.

ఆయన జేబులో ఫోను మోగింది.

తీసి చూశాడు. మేనేజరు పేరు ఆయన పెదవుల మీద కదిలింది. రెండుసార్లు, మూడుసార్లు మోగింది. రంగులావిడ నల్లగా కారుతున్న చేతులు రెండూ జోడించింది. కాసేపటి కిందట ఆయన ఆమె ముందు జోడించినట్టే.

ఆయన ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"ఆఁ, చెప్పండి సార్. వాళ్ల షెడ్డులోనే ఉన్నాను." కాసేపు విన్నాడు. "సంతకమా సార్? ఎవరు పెట్టారనా?"

నేల మీద కూర్చున్న చిట్టి వైపు చూస్తూ, ఆయన గొంతు సవరించుకున్నాడు.